సుగ్గికి వెళ్లని మనుషులు: మంచాన పడిన ఒక అవ్వ, బడి మానిన ఒక పాప

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో పదిహేనేళ్లుగా సామాజిక కార్యకర్తగా పనిచేస్తున్నాను. ఈ కేసు 2025 జనవరి నుంచి ఏప్రిల్ దాకా నడిచింది. ఊరి పేరు, కుటుంబం పేరు, కులం రాయడం లేదు. వయసులు, బంధుత్వాలు కొన్ని మార్చాను. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊళ్లో ఎవరికి సేవ అందాలి, ఎవరు అందించగలరు అనే రెండు జాబితాలను నేను ఏళ్ల తరబడి విడివిడిగా రాసుకుంటూ వచ్చాను. ఈ కేసులో ఆ అలవాటే నన్ను రెండు నెలలు తప్పుదారిలో నడిపించింది. అందుకే వివరంగా రాయాలనిపించింది.

నేపథ్యం

కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం వైపు వాళ్లకు సుగ్గి అంటే చెప్పనవసరం లేదు. తెలియని వాళ్ల కోసం ఒక మాట. కన్నడంలో సుగ్గి అంటే కోతల కాలం. సరిహద్దు ఊళ్లు కాబట్టి ఆ మాట ఇటు కూడా నిలిచింది. కానీ ఇక్కడ సుగ్గికి వెళ్లడమంటే పరాయి జిల్లాలో కోతకు వెళ్లడం. వానమీద ఆధారపడిన పొలాల్లో పత్తి ఏరడం అయిపోయాక చేతికి పని ఉండదు. అదే సమయానికి గుంటూరు, పల్నాడు వైపు మిరప కోతలు మొదలవుతాయి. కూలీలను కుదిర్చి తీసుకువెళ్లే మేస్త్రీ ముందే అడ్వాన్సు ఇచ్చి ఉంటాడు. జొన్నల మూట, నాలుగు గిన్నెలు, ఒక టార్పాలిన్, చంకలో పిల్లలు. లారీ ఎక్కితే మళ్లీ ఊరు చూసేది ఉగాది దాటాకే. వీధికి వీధి తలుపులకు తాళాలు పడతాయి. మిగిలేది ముసలివాళ్లు, బాలింతలు, నడవలేని వాళ్లు, అంగడి పెట్టుకున్న వాళ్లు, జీతాల ఉద్యోగులు.

అవ్వకు అరవై ఎనిమిదేళ్లు ఉంటాయి. పద్నాలుగు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడి వైపు పడిపోయింది. మాట ముద్దగా వస్తుంది, ఇంటివాళ్లకు మాత్రమే అర్థమవుతుంది. కొడుకు, కోడలు, పదకొండేళ్ల మనవరాలు, మూడేళ్ల మనవడు. ఆస్పత్రి ఖర్చులకు కొడుకు నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు చేశాడు. ఆ అప్పు తీర్చడానికి డిసెంబరు రెండో వారంలో భార్యను, చిన్నవాడిని వెంటబెట్టుకుని సుగ్గికి వెళ్లాడు. ఆరో తరగతి చదువుతున్న పాపను అవ్వ దగ్గర ఉంచాడు. అవ్వకు వచ్చే వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలే ఆ ఇంటి ఆధారం.

2019 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో యాభై ఇళ్లకు ఒక వాలంటీరు ఉండేవారు, నెలకు 5,000 గౌరవ వేతనంతో. ఈ వీధిని చూసిన అమ్మాయి అవ్వ ఇంటికి వారానికి ఒకసారైనా వెళ్లేది. 2024లో ఆ ఏర్పాటు ఆగింది, ఆ అమ్మాయి కూడా సుగ్గికి వెళ్లింది. ఆ పద్ధతి మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. ఈ ఇంటి మీద ఉన్న ఒక కన్ను తగ్గిందన్నది మాత్రం నేను చూసిన వాస్తవం.

మా దాకా వచ్చిన సమస్య

సంక్రాంతి సెలవుల తర్వాత బడి తెరిచిన వారంలో ఒక ఉపాధ్యాయిని ఫోను చేసింది. ఒక పాప డిసెంబరు నుంచి బడికి రావడం లేదు, తల్లిదండ్రులతో వెళ్లిందనుకున్నామని, కానీ నిన్న బోరింగు దగ్గర కనబడిందని చెప్పింది. ఆ తరగతిలో సగం మంది పిల్లలు వలస వెళ్లారు. ఈ పాప కూడా ఆ లెక్కలో కలిసిపోయింది. ఊళ్లోనే ఉండి ఎవరి కంటా పడకుండా పోవడం అంత సులభమైపోయింది.

నేను నా రిజిస్టరులో బడి మానేసిన బాలిక అని రాసుకుని బయలుదేరాను. ఆ మొదటి మాటే తప్పు.

ఉదయం తొమ్మిది గంటలకు వెళ్లేసరికి పాప వసారాలో అవ్వ దుప్పటి ఉతుకుతోంది. లోపల మూత్రం వాసన. అవ్వ నడుము కింద రెండు పుండ్లు, ఒకటి లోతైనది. బడికి ఎందుకు రావడం లేదని అడిగాను. పాప నా వైపు చూడకుండానే, “నేను వెళితే అవ్వకు నీళ్లు ఎవరు ఇస్తారు?” అంది. అది ఎదురు ప్రశ్న కాదు, నిజంగానే అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

పాప చదువు మీద విరక్తితో మానలేదు. పెద్ద మనిషి చేయవలసిన ఉద్యోగం ఒకటి తన మీద పడింది. ఆ ఉద్యోగానికి ఇంకొకరు దొరికే దాకా బడి మాట ఎత్తి లాభం లేదు. ఇది ఆ రోజే అర్థమైందని ఇప్పుడు చెప్పగలను. కానీ ఆ తర్వాత నేను చేసిన పనులు చూస్తే, అర్థం కాలేదనే అనాలి.

మొదట చేసినవి

విద్యాహక్కు చట్టం 2010 నుంచి అమల్లో ఉంది. పిల్లను బడిలో చేర్చడం మొదటి బాధ్యత అనుకున్నాను. వలస కుటుంబాల పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టలులో చోటు దొరికింది. ఉపాధ్యాయినితో కలిసి పాపను దింపి వచ్చాను. అవ్వను చూసుకోమని పక్కింట్లో చెప్పాను. ఎవరికి, ఏమి, ఎన్ని గంటలకు అని చెప్పలేదు. మూడో రోజు పాప ఆరు కిలోమీటర్లు నడిచి ఇంటికి వచ్చేసింది. ఆ రెండు రోజుల్లో పక్కింటామె నీళ్లు, గంజి ఇచ్చింది కానీ, అవ్వ ఒక రాత్రంతా తడి పక్క మీదే ఉంది. పుండు ఇంకొంచెం పెరిగింది. పాప చదువు, అవ్వ శరీరం ఒకే తాడుతో ముడిపడి ఉన్నాయి. ఒక కొస లాగితే రెండోది బిగుసుకుంటుంది.

తర్వాత వృద్ధాశ్రమం. ఒకచోట మంచాన ఉన్నవాళ్లను తీసుకోమన్నారు. ఇంకోచోట ఒప్పుకున్నారు కానీ ఊరికి అరవై కిలోమీటర్ల దూరం. కొడుకుకు ఫోను చేస్తే, “మా అమ్మను ఆశ్రమంలో పెట్టి నేను ఇక్కడ మిరపకాయలు కోయాలా మేడమ్? మళ్లీ ఊళ్లో తలెత్తుకుని తిరగగలనా?” అన్నాడు. అవ్వను అందరికంటే చివర అడిగాము. ఆమె గోడ వైపు తిరిగింది. చివర అడగడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. మాట ముద్దగా వచ్చేవాళ్ల అభిప్రాయం కూడా ముద్దగానే ఉంటుందని మనకు తెలియకుండానే అనుకుంటాము.

ఈ దశలో ఒక సహోద్యోగి, తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టం కింద కొడుకు మీద ఫిర్యాదు చేయవచ్చన్నాడు. నేను ఒప్పుకోలేదు. స్తోమత ఉండి తల్లిని వదిలేసినవాడికి ఆ చట్టం. ఇక్కడ తల్లి వైద్యానికి చేసిన అప్పు తీర్చడానికే కొడుకు వెళ్లాడు. నోటీసు వెళితే పరువు పోయేది, అప్పు తీరేది కాదు, అవ్వ పక్క ఆరేది కాదు. కోడలినైనా వెనక్కి పంపమని ఒకసారి అడిగాను. జంటగా కోస్తేనే అడ్వాన్సు తీరుతుందని చెప్పాడు. మళ్లీ అడగలేదు.

పింఛను సంగతి కూడా చూశాము. 2024లో పెంచిన తర్వాత వృద్ధులకు నెలకు 4,000, వికలాంగులకు 6,000, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వాళ్లకు 15,000. అవ్వ మూడో కోవలోకి వస్తుంది. వైకల్యాన్ని నిర్ధారించే సదరం సర్టిఫికెట్టు కోసం ఆటోలో పరుపు వేసి తీసుకువెళ్లాము. సర్టిఫికెట్టు వచ్చింది, పెంచిన పింఛను ఆ సుగ్గి ముగిసే దాకా రాలేదు. దరఖాస్తు తప్పక పెట్టాలి. కానీ రాబోయే డబ్బును నమ్ముకుని ఈ నెల ఏర్పాటు చేయకూడదు.

వంతుల పట్టిక, అది కూలిన తీరు

అప్పటికి ఫిబ్రవరి వచ్చింది. కేరళలో ఇరుగుపొరుగు వాళ్లే మంచాన ఉన్న రోగులను చూసుకునే పద్ధతి గురించి చాలాకాలంగా చదువుతున్నాను. కోజికోడ్‌లో 1993లో కొందరు డాక్టర్లు మొదలుపెట్టిన నొప్పి ఉపశమన చికిత్స, తర్వాత మలప్పురం జిల్లాలో స్థానికుల నెట్‌వర్కుగా పెరిగింది. వారానికి రెండు గంటలు ఇవ్వగలిగినవాళ్లు శిక్షణ పొంది రోగుల ఇళ్లకు వెళతారు. 2008లో కేరళ ప్రభుత్వం దీన్ని విధానంగా కూడా ప్రకటించింది. మన ఊళ్లో ఎందుకు కాదు అనుకున్నాను.

ఆంజనేయస్వామి గుడి అరుగు మీద పొదుపు సంఘాల మహిళలను కూర్చోబెట్టి మాట్లాడాను. అవ్వ అందరికీ తెలిసిన మనిషి. కలుపు తీతల్లో పాట ఎత్తుకునేది ఆమేనని ఒకామె గుర్తుచేసింది. పద్నాలుగు మంది పేర్లు రాయించుకున్నారు. రోజుకు ఇద్దరు, ఒక్కొక్కరికి రెండు గంటలు. చార్టు గోడకు అంటించాము. పదకొండు రోజులు బాగానే నడిచింది. పన్నెండో రోజు ఎవరూ రాలేదు, పదమూడో రోజు కూడా. పద్నాలుగో రోజు పాప చార్టును చింపి పొయ్యి రాజేసింది.

కోపం వచ్చినమాట నిజం. కానీ ఎవరినీ నిందించకుండా పద్నాలుగు ఇళ్లకూ వెళ్లి అడగాలని నిర్ణయించుకున్నాను. నాలుగు సాయంత్రాలు పట్టింది. ఈ కేసు మొత్తంలో నేను చేసిన అతి ఉపయోగకరమైన పని అదే.

ఆరు ఇళ్లకు తాళాలు. కోతలు ముమ్మరమైనప్పుడు మేస్త్రీలు రెండో విడత మనుషులను తీసుకువెళతారు, ఆ లారీలో వెళ్లిపోయారు. పేరు రాయించుకున్న రోజున వెళ్తామని వాళ్లకూ తెలియదు. ముగ్గురు ఉదయం ఆరున్నరకు కూలికి వెళ్లి మధ్యాహ్నం రెండింటికి వస్తారు. వారానికి రెండు గంటలు ఖాళీ అన్న మాటకు వాళ్ల జీవితంలో అర్థమే లేదు. ఆ రెండు గంటలు కూలి డబ్బుల్లోంచి పోతాయి. ఇద్దరికి ఇంట్లో అభ్యంతరం. పరాయి మనిషి మలమూత్రాలు తీయడమేమిటని అత్తగారు ఒకరు, భర్త ఒకరు. ఒకామె అన్నం కలిపి తినిపించబోతే అవ్వే నోరు తెరవలేదు, కులం పట్టింపు. ఆ అవమానం ఆమె ఎవరికీ చెప్పుకోలేదు, రావడం మానేసింది.

మిగిలిన ఇద్దరూ చెప్పిన కారణం నేను కలలో కూడా ఊహించనిది. “నా వంతు రోజున అవ్వకు ఏదైనా అయితే? కొడుకు వచ్చి నన్ను అడగడా? ఊరు నన్ను అనదా?” మంచి పని చేయబోయి జీవితాంతం మాట పడవలసి వస్తుందేమో అన్న భయం. సేవ చేయడానికి మనసు కావాలని మనం ఉపన్యాసాలు ఇస్తాము. వాళ్లకు మనసు ఉంది, మాట పడకుండా కాపాడే రక్షణ లేదు.

ఇక పాప. ఈ ఏర్పాటు అంతా పాప కోసమే, కానీ పాపను ఎవరూ అడగలేదు. వచ్చిన ఆడవాళ్లు ఇల్లు ఊడ్చి, సామాను సర్ది, నువ్వు బడికి పో అని తరిమేవారు. అవ్వను ఎటువైపు ఒరిగిస్తే నొప్పి తక్కువో, గంజి ఎంత చిక్కగా ఉంటే పొలమారదో ఆ పిల్లకు తెలుసు. రెండున్నర నెలలుగా ప్రాణం పెట్టి నేర్చుకున్న పనిని చేతకాని పనిగా చూసేసరికి మనసు విరిగింది.

ఒక రోజంతా కూర్చోవడం

ఫిబ్రవరి చివరి వారంలో ఒక నోటు పుస్తకం తీసుకుని ఉదయం అయిదు నుంచి రాత్రి తొమ్మిది దాకా ఆ ఇంటి వసారాలో కూర్చున్నాను. ఏమీ మార్చకుండా, ఏమి జరుగుతోందో రాసుకోవడమే పని.

ఆరు గంటలకు పక్కింటి ముసలామె కర్ర తాటించుకుంటూ వచ్చి తలుపు తట్టింది. డెబ్బై దాటిన వితంతువు, చూపు సరిగా లేదు. “లేచినావా వదినా?” అని అడిగి, లోపలి నుంచి మూలుగు వినబడ్డాక వెళ్లింది. ఏడు గంటలకు ఎదురుగా ఉన్న చిల్లర అంగడి నుంచి టీ వచ్చింది. అంగడాయనకు చిన్నప్పుడే పోలియోతో ఒక కాలు పోయింది. డబ్బులు అడిగాడా అని పాపను అడిగితే, అది రోజూ వస్తుందని, డబ్బుల మాట ఎప్పుడూ లేదని చెప్పింది. తొమ్మిదో తరగతి కుర్రాళ్లు ఇద్దరు బోరింగు నుంచి రెండు బిందెలు తెచ్చి పెట్టి పరుగెత్తారు. సాయంత్రం దీపాల వేళ ముసలామె మళ్లీ వచ్చి గడప మీద కూర్చుంది. ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు. అవ్వ మాట నాకు అర్థం కాలేదు, ఆమెకు అర్థమైంది.

వీళ్లెవరూ నా పద్నాలుగు పేర్లలో లేరు. నా పాత సర్వే కాగితాలు తీసి చూశాను. ముసలామె వితంతు పింఛనుదారు, కంటి శస్త్రచికిత్స అవసరం. అంగడాయన వికలాంగ పింఛనుదారు. ఇద్దరూ లబ్ధిదారుల జాబితాలో ఉన్నారు. ఒంట్లో శక్తి ఉన్నవాళ్లే సేవ చేయగలరని నేను వెతికాను. సుగ్గి ఊళ్లో ఒంట్లో శక్తి ఉన్నవాళ్లు లారీ ఎక్కుతారు. ఊళ్లో నిలకడగా ఉండేది బలహీనులని మనం రాసుకున్న వాళ్లే. పైగా వాళ్లు అప్పటికే పని మొదలుపెట్టేశారు, నేను చూడలేదంతే.

మళ్లీ కట్టిన ఏర్పాటు

ఈసారి సమావేశం గుడి దగ్గర పెట్టలేదు, అంగడి ముందు పెట్టాము. ఎవరు ఏ రోజు వస్తారని అడగలేదు. రోజంతా జరగవలసిన పనులను చిన్న చిన్న ముక్కలు చేసి, మీరు ఇప్పటికే ఈ దారిన వెళ్లే సమయానికి ఏ ముక్క పడుతుందని అడిగాము.

ముసలామె తలుపు తట్టడం అలాగే ఉంది, దానికి ఒక ప్రశ్న చేర్చాము: రాత్రి మూత్రం వచ్చిందా? అంగడాయన రక్తపోటు మాత్రల పట్టీ తన డబ్బా పక్కనే పెట్టుకుని టీతోపాటు పంపి, క్యాలెండరు మీద గీత పెట్టేవాడు. అంతకు ముందు నెలలో మాత్రలు సగం రోజులు వేయనే లేదని పట్టీ చూస్తే తెలిసింది. మధ్యాహ్నం అన్నం, కొడుకులిద్దరూ సుగ్గికి వెళ్లిన ఒక ముసలి దంపతులది. అవ్వ రేషను బియ్యం వాళ్ల ఇంట్లో పోసి, వాళ్లు ఒక పిడికెడు ఎక్కువ వండడం. ఆ దంపతుల చేతి అన్నం అవ్వ తింటుంది. అవ్వ పట్టింపును నేను ఆ మంచం దగ్గర ఎదుర్కోలేదు. మింగడం కష్టమైన మనిషి ముద్దను సంస్కరణకు వేదిక చేయకూడదనుకున్నాను. ఆ నిర్ణయం సరైనదేనా అని ఇప్పటికీ నాలో నేను వాదించుకుంటున్నాను, ముఖ్యంగా చేయి వెనక్కి తీసుకుని వెళ్లిపోయిన ఆమె ఎదురుపడినప్పుడు.

ఒళ్లు తుడవడం, పక్క మార్చడం, మలమూత్రాలు తీయడం మాత్రం ముక్కల్లో ఇమడలేదు. సమావేశంలో ఒకరు, ఫలానా వీధి వాళ్లను పిలిస్తే సరిపోతుంది, అది వాళ్లకు అలవాటే అన్నారు. ఆ మాటను అక్కడే ఆపాను. ఇక్కడ రాజీ పడితే అవ్వ పక్క శుభ్రమవుతుంది కానీ, ఊళ్లో ఒక పాత అన్యాయానికి మా చేతులతో కొత్త ముద్ర వేసినట్టవుతుంది. నాలుగు రోజులు ఎవరూ ముందుకు రాలేదు. ఆ నాలుగు రోజులూ పాపే చేసింది, నేను వెళ్లినప్పుడల్లా నేనూ చేశాను. అయిదో రోజు, ఇది ఊరకే చేయవలసిన పని కాదు, నెలకు 2,000 ఇస్తాము అని చెప్పించాము. అదే వీధిలో చంటిబిడ్డతో పుట్టింట్లో ఉంటున్న ఒక యువతి వచ్చింది. బిడ్డ వల్ల సుగ్గికి వెళ్లలేకపోయింది, డబ్బు అవసరం ఉంది. ఆమెను నిన్నటిదాకా ఏ కన్నుతో చూశారో, జీతం అనగానే చూపు మారింది. అత్తల అభ్యంతరాలు, మగవాళ్ల వెక్కిరింపులు ఆమె దగ్గరికి రాలేదు. స్వచ్ఛందం అన్న పేరుతో అతి కష్టమైన పనిని ఉచితంగా అడగడం నేను అంతటితో మానేశాను.

డబ్బు పింఛనులోంచే. కొడుకు ఫోనులో ఒప్పుకున్నాడు. మార్చి ఒకటిన గ్రామ సచివాలయం ఉద్యోగి ఇంటికి వచ్చి పింఛను ఇచ్చాక, అవ్వ తన ఎడమ చేత్తో ఆ యువతికి నోట్లు ఇచ్చింది. మేము ఇప్పించలేదు. తనను ఎవరో సాకుతున్నారన్న భావన కంటే, తాను ఒకరికి జీతం ఇస్తున్నానన్న భావన అవ్వ ముఖంలో తేడా తెచ్చింది. ఆ రోజు ఒంటికి నూనె రాయించుకుంది.

మాట పడతామన్న భయానికి మందు కొడుకే ఇచ్చాడు. పదిమంది ముందు ఫోను స్పీకరులో పెట్టి మాట్లాడించాము. “మా అమ్మకు ఏమి జరిగినా మీ ఎవరి మీదా మాట రానివ్వను. మీరు చేస్తున్నది నేను చేయవలసిన పని” అన్నాడు. దాన్ని రికార్డు చేసి అంగడాయన ఫోనులో ఉంచాము. ఆశా కార్యకర్త వారానికి ఒకసారి పుండ్లు చూసి పుస్తకంలో రాసేలా ఒప్పందం. చూసినట్టు రాత ఉంటే చేసినవాళ్లకు ధైర్యం.

పుండ్ల గురించి ఒక మాట. మంచాన ఉన్నవాళ్లను రెండు గంటలకు ఒకసారి ఒత్తిగిలించాలని ఆరోగ్య కేంద్రం నర్సు నేర్పింది. గడియారం చూసి చేసేవాళ్లు ఆ ఇంట్లో లేరు. అందుకని టీ వచ్చినప్పుడు, బిందెలు వచ్చినప్పుడు, అన్నం వచ్చినప్పుడు, దీపాల వేళ, ఇలా ఎవరు గడప తొక్కినా యువతినో పాపనో పిలిచి ఒక వైపు మార్చి వెళ్లాలని పెట్టుకున్నాము. పగలు ఆరు సార్లు కుదిరింది. ఒక దాత గాలి పరుపు ఇచ్చారు. కరెంటు పోతే అది మామూలు పరుపే కాబట్టి ఒత్తిగిలించడం మానకూడదని గోడ మీద రాశాము. తినిపించేటప్పుడు కూర్చోబెట్టడం, తిన్నాక అరగంట దాకా పడుకోబెట్టకపోవడం అందరికీ చేసి చూపించాము. రాత్రి మాత్రం పాప, ముసలామె ఇద్దరే. అది చివరి దాకా బలహీనంగానే ఉంది.

ఈసారి పాపను ముందుగా అడిగాము: ఏ పని నీ దగ్గరే ఉంచుకుంటావు? ఆలోచించి, రాత్రి గంజి, తల దువ్వడం అంది. మిగతావి ఇచ్చేస్తానంది. బడికి వెళతాను కానీ ఇంటర్వెల్‌లో వచ్చి చూసి వెళతానని షరతు పెట్టింది. నాకు ఇష్టం లేదు. అలా అయితే ఎప్పటికీ ఆమె మనసు ఇంట్లోనే ఉంటుందనిపించింది. ఉపాధ్యాయిని మాత్రం రానివ్వండి, చూసుకుంటే కుదుటపడుతుంది అంది. ఆమెదే సరైన అంచనా. పది రోజులు పరుగెత్తుకుంటూ వచ్చి తలుపులోంచి తొంగి చూసి వెళ్లిన పిల్ల, తర్వాత తానే రావడం మానేసింది. మార్చి 15 నుంచి ఒంటిపూట బడులు వచ్చి ఆ సమస్యే లేకుండా పోయింది. ఏప్రిల్‌లో సెలవులిచ్చే దాకా నాలుగు రోజులే మానింది.

అప్పుడు కూడా తప్పిన ఒక చోటు

మార్చి చివర ఎండలు ముదిరాయి. ఒక రోజు అవ్వకు ఒళ్లు వెచ్చబడింది. తలుపు తట్టిన ముసలామెకు తెలుసు, టీ తెచ్చినవాడికి తెలుసు, యువతికీ తెలుసు. ప్రతి ఒక్కరూ తమ పని తాము చేశారు. 108కి ఫోను చేయాలని మాత్రం ఎవరూ అనుకోలేదు, ఎందుకంటే అది ఎవరి పనిగానూ రాసి లేదు. మర్నాడు సాయంత్రానికి అవ్వ మగతలోకి వెళ్లింది. మూత్రంలో ఇన్‌ఫెక్షను, ఒంట్లో నీరు తగ్గడం. మూడు రోజులు ఆస్పత్రిలో ఉంచవలసి వచ్చింది. తోడుండడానికి మనిషి దొరకక కొడుకు రాత్రి బస్సులో వచ్చి, రెండు రోజులు ఉండి, మళ్లీ వెళ్లాడు.

పనిని ముక్కలు చేసినప్పుడు, మొత్తాన్ని చూసే ఒక మనిషిని పెట్టడం మరిచిపోయాను. తప్పు పూర్తిగా నాది. ఆ తర్వాత పొదుపు సంఘాల లెక్కలు రాసే యానిమేటరు ఆ బాధ్యత తీసుకుంది. జ్వరం, అన్నం పొలమారడం, ఒక పూటంతా మూత్రం రాకపోవడం, ఈ మూడింటిలో ఏది కనబడినా ఆమెకు చెప్పాలి. ఫోను చేయాలా వద్దా అన్న నిర్ణయం ఆమెది. ఆమె ఊళ్లో లేని రోజు అంగడాయనది. ఈ మాట రాసిన కాగితం మాత్రల పట్టీ పక్కనే ఉండేది.

తోటి కార్యకర్తలకు

ఇలాంటి ఇంటికి వెళ్లేవాళ్లు ఒక్క రోజైనా ఊరకే కూర్చోండి. అక్కడ ఇప్పటికే జరుగుతున్న సాయం కనబడే దాకా కొత్త సాయం ప్రతిపాదించకండి. వేరే రాష్ట్రపు నమూనాను తెచ్చేటప్పుడు, అందులో ఖాళీ సమయం ఎవరికి ఉందని అనుకున్నారో చూడండి. మలప్పురం ఇళ్లలో దొరికిన రెండు గంటలు మన కూలి ఇళ్లలో దొరకలేదు. కానీ ఇక్కడ ఒక టీ గ్లాసు, ఒక తలుపు తట్టడం రోజూ తప్పకుండా దొరికాయి. మలమూత్రాల పనికి జీతం ఇవ్వండి, అది ఏ కులానిదో నిర్ణయించే మాట వస్తే ఎంత ఆలస్యమైనా ఒప్పుకోకండి.

ఈ కేసును చూపించి, ఇరుగుపొరుగు ఉంటే ప్రభుత్వ సేవ అక్కరలేదని ఎవరైనా అంటే నేను తీవ్రంగా వ్యతిరేకిస్తాను. ఆశా కార్యకర్త వారం వారం రాకపోతే, ఉచితంగా మాత్రలు దొరక్కపోతే, నెల మొదటి తేదీన పింఛను చేతికి అందకపోతే, అంగడాయన టీ ఒక్కటే ఆ ప్రాణాన్ని నిలిపేది కాదు. ఊళ్లోనే పని ఉంటే ఈ కేసే ఉండేది కాదు.

ఇప్పటి స్థితి

ఏప్రిల్ మూడో వారంలో కొడుకు కుటుంబం తిరిగి వచ్చింది. అప్పటికి ఒక పుండు మానింది, లోతైనది సగానికి తగ్గింది. అప్పులో కొంత తీరింది. పాప ఏడో తరగతికి వెళ్లింది. ఆగస్టులో ఒక తెల్లవారుజామున, కొడుకు, కోడలు పక్కన ఉండగానే అవ్వ చనిపోయింది. తలుపు తట్టడానికి వచ్చిన ముసలామెకే మొదట తెలిసింది.

నవంబరులో, లారీలు రాకముందే, అదే అంగడి ముందు మళ్లీ కూర్చున్నారు. ఈసారి నేను పిలవలేదు, యానిమేటరు పిలిచింది. సాయం కావలసిన ఇళ్లు మూడు తేలాయి. ముసలామెకు కంటి శస్త్రచికిత్స అయింది, వాటిలో ఒక ఇంటి తలుపు ఆమెదే. చంటిబిడ్డ యువతి రెండు ఇళ్లకు ఒప్పుకుంది. మూడో ఇంట్లో మంచాన ఉన్నది మగమనిషి. ఆయనకు ఒళ్లు తుడవడానికి జీతం ఇస్తామన్నా ఊళ్లో మిగిలిన మగవాళ్లెవరూ ఇంకా ఒప్పుకోలేదు. వచ్చే మంగళవారం మళ్లీ మాట్లాడడానికి వెళుతున్నాము.